గంజి పోగులు కట్టి కొండల్లో నడిచిన ఏడాది

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. కాళ్లు చాపుకుని కూర్చున్నా నేనేమీ అనుకోను. చేతిలో చిక్కుడుకాయలుంటే ఈనెలు తీసుకుంటూనే వినండి, దీనికి చెవులు చాలు. నేను చదివింది మూడో తరగతి. రాయడం పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. అక్షరాలు అటూ ఇటూ అయితే కావచ్చు గానీ జరిగిందాంట్లో ఒక్క మాట కూడా జారిపోదు. నా జ్ఞాపకం అట్లాంటిది.

మాది గద్వాల. మగ్గం ఇల్లు. ఇప్పుడు చెప్పబోయేది, నా ఇంటాయన పోయిన ఏడాది నేను ఒక్కదాన్నే వీపుకు సంచి తగిలించుకుని నల్లమల కొండల్లో నడిచిన సంగతి.

ఒక్కదాన్నే నడవడం నాకు కొత్త కాదు. అంతకుముందు ఎనిమిదేళ్లుగా ఏటా మాఘమాసంలో నాలుగు రోజులు పోయేదాన్ని. అది మొదలైంది కూడా అనుకోకుండానే. ఒక శివరాత్రికి మా వీధివాళ్లతో కలిసి శ్రీశైలం నడిచాను. మడమ పగిలి వెనకబడ్డాను. ముందువాళ్ల భజన వినబడకుండా పోయింది, వెనకవాళ్లు ఇంకా రాలేదు. ఆ మధ్యలో సగం పూట అడవిలో నేనూ, నా కర్రా. నాకు నలభై దాటాక మొదటిసారి ఎవరూ నన్ను పిలవని సగం పూట అది. మడమ నొప్పి మరిచిపోయాను. మరుసటేడు గుంపు లేకుండా పోయాను.

మా ఇంటాయన అడ్డు చెప్పలేదు గానీ ఎగతాళి మానలేదు.

"మొగడు తిడితె పుట్టింటికి పోయేటోళ్లను చూసిన గని, తిట్టకున్నా కొండకు పోయేదాన్ని నిన్నే చూసిన," అనేవాడు.

"తిడితె నేను సుత పుట్టింటికే పోతుంటి. నువ్ తిట్టవ్ గద, కొండే గతి," అనేదాన్ని.

ఆ నాలుగు రోజులూ ఆయన వంట చేసుకునేవాడు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ మాడిపోయి ఉండేవి.

అక్కడ నేను చేసేది పెద్ద తపస్సేమీ కాదు. మాట్లాడను, నడుస్తాను, అంతే. మొదటి రోజంతా చెవుల్లో మగ్గం మోగుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్ల చప్పుడు, కొండెక్కినంత మాత్రాన పోతుందా? రెండో రోజు మధ్యాహ్నానికి ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆగినట్టు కాసేపటికి గానీ తెలియదు. అప్పుడు లోపల అణిగినవన్నీ ఒక్కొక్కటే పైకి వస్తాయి. మా అమ్మతో చివరిసారి పడ్డ గొడవ, పుట్టి మూడు రోజులకే పోయిన బిడ్డ, నేను ఎవరినో అన్న మాట, ఎవరో నన్ను అన్న మాట. నడుస్తూ ఒక్కోదాన్ని చూసి పక్కన పెట్టేదాన్ని. దాన్ని దేవుడనాలో ఏమనాలో నాకు తెలియదు. ఇంటికి వచ్చేసరికి మాత్రం మనసు ఉతికి ఆరేసిన గుడ్డలా ఉండేది.

ఇక ఆ ఏడాది సంగతి. కార్తీకంలో ఒక పొద్దున పాలకు పోయిన మా ఇంటాయన వీధి మలుపులో అరుగు మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. ఇంటి నిండా మనుషులు. "ఏడువ్ తల్లీ, ఏడిస్తె తేలికైతవ్," అని ఒకామె నా జబ్బ మీద గిల్లింది కూడా. గిల్లినట్టు తెలిసింది. ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లందరికీ చాయ్ అందిందా లేదా అని చూస్తూ తిరిగాను. పన్నెండు రోజులైంది, నెలైంది, మూడు నెలలైంది. తిన్నాను, పడుకున్నాను, కసువు ఊడ్చాను. లోపల మాత్రం ఏమీ లేదు. దుఃఖం ఉంటే దుఃఖమని చెప్పేదాన్ని.

మగ్గం మీద చీర సగంలో ఆగి ఉంది.

మా గద్వాల చీర తెలుసు కదా, మధ్యలో నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నూలూ పట్టూ కలిసేచోట పోగుకు పోగు మెలేసుకుంటూ పోవాలి. అందుకే మా ఇంట్లో మగ్గం మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు జారవిడిచి కూర్చునే మగ్గం అది. మధ్యలో ఆయన, కుడి అంచు దగ్గర నేను. కాళ్ల కింది చెక్కలు తొక్కేది ఆయన, మాట చెప్పేది ఆయన. అంచు పట్టుకునేది నేను.

నేయాలంటే ఆయన చోట ఇంకో మనిషి కూర్చోవాలి. వద్దనుకుంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు కోసేయాలి, అంటే మేమిద్దరం కలిసి నేసిన ఆఖరి చీర సగంలో ముక్కైపోవాలి. రెండింట్లో ఒకటి నేనే చెప్పాలి. నా నోరు రాలేదు.

పక్కింట్లోనే మా తోడికోడలు ఉంటుంది, మా మరిది భార్య. ఆమెకూ నేత వచ్చు. నాకు పిల్లలు లేరు కాబట్టి నా మంచీ చెడూ చూసేదీ ఆమే, నన్ను తిట్టేదీ ఆమే. పట్టు ఇచ్చిన సేటు మాఘ పున్నమి దాకా ఆగుతానని కబురు చేసిన రోజు వచ్చి మగ్గం పక్కన నిలబడింది.

"అక్కా, కోస్తవా, నేస్తవా? ఒకటి చెప్పు. పడుగు పెళుసైతుంది. ఎలుకలు సుత తిరుగుతున్నయ్."

"చూద్దాం," అన్నాను.

"మూడు నెల్ల సంది చూస్తనే ఉన్నవ్. నేను కూసుంట అంటె వద్దంటవ్. పోనీ కోసేద్దామంటె ఊకుంటవ్. ఏటా పోతవ్ గద కొండకు. పో. పున్నమి లోపల వచ్చి ఏదో ఒక మాట చెప్పు. చెప్పకపోతివా, నేనే కత్తెర తెస్త."

ఎదురింటి ముసలామె వాకిట్లోంచే అడ్డం వచ్చింది. "సావైన ఇల్లు. ఏడాది తిరగంది కొండెక్కుతరా ఎవరన్న?"

"గుడి మెట్లు ఎక్కదులే పెద్దమ్మా," అంది మా తోడికోడలు. "కొండ కొండే, గుడి గుడే. ఇంట్ల కూసొని గోడలు చూస్తె మాత్రం ఏమొస్తది?"

సంచి సర్దాను. జొన్న రొట్టెలు, పల్లీల పొడి, రెండు నీళ్ల సీసాలు, దుప్పటి, సిగ్నల్ దొరకని చోట గడియారంగా పనికొచ్చే చిన్న ఫోను. ఇంకొకటి కూడా ఎప్పుడూ ఉంటుంది. దారులు చీలేచోట చెట్టుకొమ్మకు గుర్తుగా కట్టడానికి రంగు పట్టు ముక్కలు, అంచు నేసేటప్పుడు మిగిలే తుక్కు. ఆ ఏడాది మగ్గం ఆడలేదు కదా, తుక్కు లేదు. మూలన పాత పడుగు కొసలు కట్టగా ఉన్నాయి. మూరెడు మూరెడు తెల్ల నూలు. అదే వేసుకున్నాను.

వనపర్తి బస్టాండులో దిగేసరికి సంచి పట్టీ తెగింది. బయట చెప్పులూ సంచులూ కుట్టే చాచా ఒకాయన ఉన్నాడు. పట్టీ తిప్పి చూశాడు.

"యాడికమ్మా?"

"నల్లమలకు చాచా. నడవనీకి."

"నడవనీకి బస్సుల పోతున్నవా? గద్వాల్ల నడవనీకి జాగ లేదా?"

నవ్వాల్సిన మాట అని తెలిసింది. నవ్వాను. ఆయన సూది ఆపి నా ముఖం చూశాడు, బొట్టు లేని నుదురు చూశాడు. రెండు వరసలు కుట్టి, పట్టీని రెండు చేతులతో లాగి, "ఇగ తెగదు. జర భద్రంగ పో," అన్నాడు.

అక్కణ్నుంచి నాగర్‌కర్నూలు, నాగర్‌కర్నూలు నుంచి అచ్చంపేట, అచ్చంపేట నుంచి ఆటోలో కొండ కిందికి. బస్సు కిటికీలోంచి పల్లి చేలు చూశాను. చూశాను, అంతే. కొండ మీద ఉమామహేశ్వరం గుడి ఉంది. మెట్లు ఎక్కలేదు, కింద నుంచే దండం పెట్టుకున్నాను. ఆ రోజుకు కింద సత్రంలో ఆగి, తెల్లారాక పక్క నుంచి పశువుల బాట పట్టాను. అది జంతువులు తిరిగే లోపలి అడవి కాదు. ఊళ్ల పశువులు, చెంచుల మేకలు మేసే అంచు కొండ.

మాఘంలో అడవి ఆకు రాలుస్తుంది. అడుగు వేస్తే చప్పుడు. నేను ఆ చప్పుడు వింటూ నడిచాను. చెవుల్లో మగ్గం మోగలేదు. మూడు నెలలుగా ఇంట్లో మోగనిది ఇక్కడెందుకు మోగుతుంది? ఆగిపోవడానికి ఏమీ లేకపోతే ఆగిన తర్వాత వచ్చేది మాత్రం ఎట్లా వస్తుంది? ఏటా రెండో రోజు మధ్యాహ్నం దాకా పట్టే పని ఆ ఏడాది మొదలుకాకముందే అయిపోయి ఉంది.

అయినా నడిచాను. చీలిక వచ్చినచోట ఆగి, పోగు తీసి, కొమ్మకు ముడివేసి, మళ్లీ నడిచాను. అట్లా ఏడు కట్టాను. ఏటా కూర్చునే బండ ఉంది. అక్కడ కూర్చుంటే కింద లోయ మొత్తం కనబడుతుంది. కూర్చున్నాను. ఆయన ముఖం తలుచుకున్నాను. వచ్చింది. మాడిన గిన్నె పట్టుకుని నిలబడ్డ ముఖం. ఇప్పుడు ఏడవాలి అనుకున్నాను. కళ్లు గట్టిగా మూశాను కూడా. తుమ్ము వస్తుందేమోనని ఎదురుచూసినట్టు ఎదురుచూశాను. రాలేదు. కోయడమా, నేయడమా అని అడిగాను. ఎవరిని అడిగానో తెలియదు. లోయలో గాలి తన పని తాను చేసుకుంటోంది. రొట్టె తిని లేచాను.

తిరుగుదారిలో మొదటి చీలిక దగ్గరికి వచ్చాను. కొమ్మ ఉంది, పోగు లేదు. వేరే చెట్టేమో అనుకున్నాను. ఒక బాట పట్టుకుని కొంత దూరం పోయాను. ఇంకో చీలిక. అక్కడా లేదు. వెనక్కి వచ్చాను. వచ్చిన చోటు ముందు చూసిన చోటులా లేదు. ఒక సీసా నీళ్లు అయిపోయాయి, ఇంకోదాంట్లో సగం. పొద్దు ఇంకా పైనే ఉంది. దారి తప్పానని అప్పుడు అర్థమైంది. భయం రావాలి కదా? రాలేదు. ఇక్కడే ఉండిపోతే ఏమవుతుంది అనుకున్నాను. మా తోడికోడలు కత్తెర తెస్తుంది, నేను మాట చెప్పాల్సిన పని తప్పుతుంది. అంత చల్లగా అనుకున్నాను. ఒక బండకు ఆనుకుని కూర్చున్నాను.

ఎంతసేపు కూర్చున్నానో, గంటలు వినబడ్డాయి. మేకలు. ముందు నడుస్తున్న మేక నోట్లోంచి తెల్లగా పోగు వేలాడుతోంది. అది నా వైపే చూస్తూ నమలుతోంది. వెనకాలే కర్ర పట్టుకుని ఒక చెంచామె వచ్చింది. నా ఈడుదే ఉంటుంది.

"ఓ అక్కా, నీ మేక ఏం తింటుంది?" అని అడిగాను. కొండెక్కాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"ఏమో. పొద్దున సంది కొమ్మకొమ్మకు ఎగురుతున్నది. ఏందో తెల్లగున్నది, దొరకబట్టి నములుతున్నది."

"అవి నావి. దారి గుర్తుకు కట్టిన."

ఆమె మేక నోట్లోంచి పోగు లాగి, వేళ్లతో నలిపి, నాలుక చివర పెట్టుకుని చూసింది. "గంజి! తినేది కట్టినవ్ గదా చెట్లకు!"

నూలుకు గంజి పోస్తేనే పడుగు మగ్గం మీద నిలుస్తుంది. ముప్పై ఏళ్లుగా గంజి కాచిన చేతులు నావి. మేకకు గంజి అంటే ప్రాణమని గద్వాలలో పసిపిల్లకు తెలుసు. పడుగు వీధిలో పొడుగ్గా చాపి గంజి పెట్టేటప్పుడు మేకలను తోలడానికి కర్ర పట్టుకుని నిలబడేదాన్ని నేనే. రంగు పట్టు ముక్కలకు గంజి ఉండదు కాబట్టి ఎనిమిదేళ్లు ఏ మేకా వాటి జోలికి పోలేదు.

"యాదికి రాలే," అన్నాను.

"మా మేకలకు పండుగ చేసినవ్ పో. ఒక్కదానివేనా? ఎవరన్న తప్పిపోయిండ్రా?"

"నేనే తప్పిపోయిన."

ఆమె పెద్దగా నవ్వింది. కర్రతో ఒక వైపు చూపించి, తమ పెంట, అంటే చెంచుల గూడెం, అటే ఉందనీ, తమ గుడిసెల నుంచి కిందికి బండ్ల బాట ఉందనీ చెప్పింది. "గని రేపు మల్ల వస్తవ్ గద ఈ చెట్లల్లకు? మిగిలిన దారాలు గిట్లనే కడితె మల్ల తింటయ్. వాగుల కడుగుదాం, రా."

మేకలు తాగడానికి దిగిన వాగులోనే కూర్చున్నాం. కట్టలో మిగిలిన పోగులు నీళ్లలో నానబెట్టి పిసికాను. తెల్లటి నీళ్లు పోయాయి. తడి నూలు ముద్దలా చుట్టుకుపోతుంది, ఇద్దరు చెరో కొసా పట్టి సాగదీస్తేనే విడుతుంది. "నువ్ ఆ కొస పట్టు," అని ఆమెకు ఇచ్చాను. ఆమె పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"జర గుంజు," అన్నాను. "అంత గాదు. వదులు, వదులు. ఆఁ, గట్లనే ఉంచు. కదలకు."

"ఉంచిన. ఎంతసేపు?"

"ఉంచంటె ఉంచు. చెయ్యి కాదు, చూపు దారం మీద పెట్టు."

"అబ్బో!" అంది ఆమె. "నీ మొగడు నీతోని ఎట్ల పడ్డడో గని."

నేను తడి నూలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. జర గుంజు, అంత గాదు, కదలకు, చూపు దారం మీద పెట్టు. ఈ మాటలు ఒక్కటీ నావి కావు. ఆయనవి. మగ్గం మీద మధ్యలో కూర్చుని ఆయన చెప్పేవాడు, అంచు దగ్గర నేను వినేదాన్ని. విసుక్కుంటూ వినేదాన్ని.

"నేనే పడ్డ," అన్నాను. "గా మాటలన్నీ ఆయనవి."

"ఇప్పుడు లేడా?"

"కార్తీకంల పోయిండు."

ఆమె నూలు కొస వదలకుండానే, నీళ్లలోకి దిగిన మేకను కాలితో పక్కకు నెట్టింది.

పంటి దవాఖానలో సూది మందు ఇచ్చాక దవడను వేలితో నొక్కితే తెలిసీ తెలియనట్టు ఉంటుంది చూడండి. అప్పుడు నాకు అట్లా అయింది. ఏదో తగిలింది. నొప్పి అని చెప్పేంత కాదు. కళ్లు తడవలేదు. కానీ ఒక సంగతి మాత్రం లెక్కలా తేలింది. ఆయన చోట ఎవరు కూర్చోవాలి, ఎవరు కూర్చోవాలి అని మూడు నెలలు కొట్టుకున్నాను. ఆ చోటు పని నాకు వచ్చు. నోటితో సహా వచ్చు. ఇంకెవరో కూర్చోవాల్సింది నా చోట్లో.

ఆ సాయంత్రం వాళ్ల పెంటలో అంబలి తాగాను. మిగిలిన పోగులు ఆరేసి, గుడిసె వాసానికి కట్టి, "మీకేమన్న కట్టుకోనీకి పనికొస్తయ్," అని ఆమెకే ఇచ్చేశాను. ఇంకా రెండు రోజులు నడవాల్సింది, నడవలేదు. తెల్లారి బండ్ల బాటన దిగాను.

ఇంటికి వచ్చేసరికి మా తోడికోడలు వాకిట్లో బట్టలు ఉతుకుతోంది.

"ఏం, మధ్యలనే వచ్చినవ్? నాలుగొద్దులు అంటివి గద. కోస్తమా?"

"నేద్దాం. రేపు పొద్దున వచ్చి కూసో."

ఆమె చేయి సబ్బు నురగలోనే ఆగింది. "బావ చోట్ల నేను కూసుంటె మల్ల మూతి ముడుస్తవ్ నువ్వు."

"బావ చోట్ల నేను కూసుంట. నువ్ నా చోట్ల కూసో."

"తొక్కనీకి వస్తదా నీకు?"

"చూద్దాం."

"మల్ల చూద్దామనే అంటది," అంటూ చీర పిండి దండెం మీద వేసింది. ముక్కు తుడుచుకోవడం నేను చూశాను. చూసినట్టు చెప్పలేదు.

పొద్దున్నే గుంటలోకి కాళ్లు జారవిడిచాను. ఆయన కాళ్లు పొడుగు. చెక్కలు నాకు అందలేదు, కింద గోనెసంచి మడిచి పెట్టుకున్నాను. మొదటి జానెడు నేయడానికి పగలంతా పట్టింది. ఎలుకలు రెండు చోట్ల కొరికాయి, ఇరవై ముప్పై పోగులు అతికించాను. పేక బిగించే నా దెబ్బ ఆయన దెబ్బంత బలంగా పడదు. అల్లిక అక్కడి నుంచి కాస్త పలచబడింది. చీర వెలుతురుకు పట్టుకుని చూస్తే అడ్డంగా ఒక గీత. దాని కింది భాగం ఆయనది, పై భాగం మాది.

"విప్పి మల్ల నేద్దామా?" అంది మా తోడికోడలు.

"వద్దు. ఉండనీ. జర గుంజు. అంత గాదు."

"బావ లెక్కనే నస పెడుతున్నవ్," అంది.

పున్నమి ముందు రోజు చీర దిగింది. సేటు వచ్చి మడత విప్పి, గీత దగ్గర వేలు ఆపాడు. "ఇక్కడ ఏమైంది?" అన్నాడు.

"అక్కడ చేయి మారింది," అన్నాను.

సేటు చీర మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆ చీర ఎవరు కట్టుకున్నారో, ఆ గీత చూసుకున్నారో లేదో నాకు తెలియదు. కొత్త పడుగుకు గంజి కాచాం. నాకు ఏడుపు ఆ రోజు రాలేదు, ఆ నెలా రాలేదు. ఇప్పటికీ రాలేదనే చెప్పాలి. పొద్దున్నే లేస్తాను, ఆయన చోట్లో కూర్చుంటాను, తొక్కుతాను.

ఇంతే సంగతి. మీ పొద్దు తిన్నాను, మీరూ ఓపికగా విన్నారు. మీ ఇంటి కుండలో నీళ్లు చల్లగా ఉండాలి, వాకిట్లో చెప్పుల జతలు తగ్గకుండా ఉండాలి, మీ ఇంటి మనుషులు మిమ్మల్ని విసిగించడానికి నూరేళ్లు బతకాలి. చల్లగా ఉండండి.